ముడి లేని భుజం

ఎన్సియో కుడి భుజం వెనక తొమ్మిదేళ్లుగా నేను పిసుకుతూ వచ్చిన ముడి ఆ గురువారం నా బొటనవేలికి తగల్లేదు, తగల్లేదని తెలిసిన మరుక్షణం నాకు భయం వేసింది. ఎన్సియో గురించి కాదు. అతని భార్య హిల్కా గురించి.

వేలు తీసి మళ్లీ పెట్టాను. రెక్క ఎముక పైఅంచు నుంచి మెడ మొదలు దాకా నెమ్మదిగా జరిపాను. ఏమీ లేదు. కండ పులిసిన పిండిలా మెత్తగా, నొక్కిన చోటల్లా లోపలికి దిగిపోతోంది.

మర్దనా చేసేదానికి ఇది పండగలాంటి విషయం కావాలి. ఈ ఊళ్లో, పాత బ్యాంకు భవనం కింది గదిలో, నేను చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అడవి కొట్టేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, అందరూ తలుపు తీస్తూనే ఒకటే మాట అంటారు, సీమ పట్టేసిందని. మా వాళ్లు మెడనీ భుజాలనీ విడివిడిగా చూడరు. రెండూ కలిపి ఒక సీమ, పక్క జిల్లా పేరు చెప్పినట్టు. అక్కడ వాతావరణం ఎప్పుడూ బాగుండదు.

ఒక్కసారి వచ్చి పోయేవాళ్లకి నేను చేయగలిగింది తక్కువ. బిగుసుకోవడానికి ఏళ్లు తీసుకున్న కండ ఒక్క గంటలో మాట వినదు. మానకుండా వస్తే వింటుంది. మొదట్లో ఒక పూట వదులవుతుంది. తర్వాత రెండు రోజులు. తర్వాత వారం. తలనొప్పి తగ్గుతుంది, చెయ్యి తలదాకా లేస్తుంది, నిద్ర పడుతుంది. ఎన్సియో మానకుండా వచ్చాడు. గురువారం విడిచి గురువారం, చెప్పిన వేళకి, బూట్ల మంచు గుమ్మం బయటే దులుపుకుని. అందుకే అంత ముసలి వయసులో కూడా అతను చేసే పని చేయగలిగాడు.

అతను చేసే పని భార్యని ఎత్తడం.

హిల్కాకి పక్షవాతం వచ్చింది తొమ్మిదేళ్ల కిందట. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. పొద్దున మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మరుగుదొడ్డికి, శనివారం ఆవిరి స్నానానికి, సాయంత్రం మళ్లీ మంచం మీదకి, ప్రతిసారీ ఆమె ఎడమ చెయ్యి అతని మెడ చుట్టూ, ఆమె బరువంతా అతని కుడి భుజం మీద. మొదట్లో ఆరోగ్య కేంద్రం నుంచి ఆడపిల్లలు వచ్చేవాళ్లు. హిల్కా వాళ్లని పంపించేసింది. ఒక వేసవిలో ఎన్సియో ఆమెని కారులో ఇక్కడికి తెచ్చినప్పుడు నాతోనే చెప్పింది, కొత్తవాళ్ల చేతుల్లో తాను మూటైపోతుందట, ఎన్సియో చేతుల్లో ఇంకా మనిషేనట. చెప్పి, సగం మూతితో నవ్వింది. ఎన్సియో కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ముడిని కడుతున్నది ఆమె బరువు. నేను విప్పేదాన్ని, ఆమె కట్టేది. రెండు వారాలకోసారి నేను గెలిచేదాన్ని, ఆ సాయంత్రానికే ఆమె గెలిచేది. ముడి మళ్లీ రావడమే ఆమె బతికుందన్న కబురు.

ఇప్పుడు ముడి లేదు.

మా భాషలో కొహ్తా అని ఒక మాట ఉంది. కొహ్తా అంటే చోటు. ఇంకాసేపట్లో అనడానికి కూడా కొహ్తాయే. వేలు పెట్టి నేను కొహ్తా అని అడుగుతాను, ఈ చోటేనా అని. అతను అదే అంటాడు. తొమ్మిదేళ్లలో మా ఇద్దరి మధ్యా నడిచిన మాటల్లో సగం ఇవే. నొప్పిగా ఉందా అని అడిగితే ఈ ఊళ్లో ఎవరూ ఉందని చెప్పరు. మీద చెట్టు పడినవాడు కూడా పర్వాలేదంటాడు. అందుకని నేను నొప్పి అడగను, చోటు అడుగుతాను.

ఆ రోజు పాత చోట వేలు పెట్టి, "కొహ్తా?" అన్నాను.

నా చేతి కింద అతని వీపు ఆగిపోయింది. ఊపిరి లోపలికి వెళ్లి బయటికి రాలేదు. ముఖం మర్దనా బల్లకున్న కన్నంలో ఉంది, నాకు కనిపించదు.

"ఏమన్నావ్?"

"చోటు అడుగుతున్నా. ఇదేనా?"

"ఓ. చోటా." ఊపిరి వదిలాడు. "ఆఁ, అదే."

అబద్ధం. అక్కడ ఏమీ లేదు.

నడుం దగ్గరికి దిగాను. ఆమెని ఎత్తేటప్పుడు అతను వెడల్పాటి పట్టీ బిగించుకుంటాడు. దాని ఎర్రటి గీత చర్మం మీద ఎప్పుడూ ఉండేది, కారు చక్రం జాడలా. అది కూడా లేదు. చర్మం మామూలు రంగుకి వచ్చేసింది. అలా రావాలంటే పట్టీ వాడి వారాలై ఉండాలి.

హిల్కా ఎలా ఉందని అడిగాను. మామూలే అన్నాడు. ఎత్తడానికి యంత్రం ఏదైనా బిగించుకున్నారా అని అడిగాను. అవసరం లేదన్నాడు. లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, వచ్చే గురువారం కాక పై గురువారం వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. పోతూ తలుపు దగ్గర తల తిప్పి చూశాడు. తల ఒక్కటే తిప్పాడు. తొమ్మిదేళ్లుగా అతను వెనక్కి చూడాలంటే మొత్తం మనిషే తిరగాల్సి వచ్చేది.

నేను గిన్నెలో చేతులు కడుక్కుంటూ కిందటిసారి సంగతి తలుచుకున్నాను. ఫిబ్రవరిలో పెద్ద మంచు తుఫాను పట్టిన రోజు. అతని తర్వాత రావాల్సినవాళ్లు రోడ్లు మూసుకుపోయి రాలేదు. ఇంటికి పోయినా నాకు చేసేదేమీ లేదు, పడుకో అని అతనికి చెప్పి, మామూలుకి రెండింతలు సేపు పనిచేశాను. వేడి గుడ్డలు వేశాను. మోచేత్తో నిదానంగా దిగాను. చివరికి ఆ ముడి, ఎన్నడూ పూర్తిగా వదలనిది, నా చేతి కింద మెల్లగా కరిగింది. ఎన్సియో లేచి కూర్చుని గుడ్లగూబలా తలని అటూ ఇటూ తిప్పుకున్నాడు. నీ చేతులకి దండం పెట్టాలి అమ్మాయ్ అన్నాడు. అంత పెద్ద వాక్యం అతని నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆ వారమంతా నాకు అదే సంతోషం.

తర్వాతిసారి ఫోన్ చేసి జలుబు చేసింది, రానన్నాడు. ఆ తర్వాత ఇదే రావడం.

పోలీసులకి ఫోన్ చేద్దామా అనుకున్నాను. ఏమని చెప్పాలి? ఒకాయన భుజం మెత్తగా ఉంది, వచ్చి చూడండి అనా? ఫోన్ పెట్టేసి, తలుపుకి తాళం వేసి, ముందు దుకాణానికి నడిచాను.

దుకాణం తెల్లెర్వోది. ఆ సరస్సు రోడ్డు మీద ఎవరి ఇంటికి ఏ బండి వెళ్లినా ఆవిడకి తెలియకుండా వెళ్లదు. ఎన్సియో ఇంటికి ఎత్తే యంత్రంగానీ, మంచంగానీ, పనిమనిషిగానీ వచ్చిందా అని మాటల్లో పెట్టి అడిగాను. ఏదీ రాలేదంది. నావైపు కళ్లద్దాల పైనుంచి చూసింది.

"ఎందుకే, ఏమైంది?"

ఏం లేదు, భుజం బాగుపడిందని చెప్పాను.

"తొమ్మిదేళ్లు పిసికి పిసికి ఇప్పటికి బాగుచేశావన్నమాట. దానికి ఇంత మొహం వేలాడేసుకున్నావా? ఇక రాడనా నీ బాధ?" అని నవ్వింది. పక్కనే రొట్టెలు ఏరుకుంటున్న ముసలాయన కూడా నవ్వాడు.

హిల్కాని చూశావా అని అడిగాను. చలికాలంలో ఆమెని ఎవరు చూస్తారు అంది. అయితే బాగానే ఉండి ఉంటుంది, ఎన్సియో వారంవారం ఆమె తాగే నేరేడు జావ డబ్బాలు కొంటూనే ఉన్నాడు, మొన్న కూడా నాలుగు పట్టుకెళ్లాడు అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బతికే ఉంది. జావ తాగుతోంది. బహుశా మంచానికే అతుక్కుపోయి ఉంటుంది, అతను ఎత్తడం మానేసి ఉంటాడు. అదీ భయంకరమే. ఎత్తకుండా వదిలేసిన మనిషి వీపు ఏమవుతుందో నాకు తెలుసు. కానీ దానికి మందుంది, ఆసుపత్రి ఉంది, వెళ్లి తగాదా పెట్టుకోవచ్చు.

"నీ వేళ్లు పోలీసు కుక్కలైపోయాయే ఇర్మెలీ," అంది తెల్లెర్వో నా వెనక నుంచి. "కాఫీ తాగి ఇంటికి పో."

నేను ఇంటికి పోలేదు. కారు తీశాను.

మార్చి ఎండ మంచు మీద పడి కళ్లు తెరవనివ్వడం లేదు. చలికాలమంతా బిగుసుకుని ఉన్న చూరులు కారడం మొదలుపెట్టాయి. ఎన్సియో ఇల్లు సరస్సు ఒడ్డున, రోడ్డు చివర. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. కారు ఆపి దిగేసరికి లోపల్నుంచి ఎవరో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. ఆగి విన్నాను. రేడియో. ఎవరో చేపల గురించి చెబుతున్నారు. హిల్కా ఒంటరిగా ఉన్నప్పుడు అతను ఆమె గదిలో రేడియో పెట్టి వెళ్తాడు, అది నాకు తెలుసు. అంటే లోపల హిల్కా వింటోంది. నాకు ఇంకొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడు ఆ గది కిటికీ చూశాను. బార్లా తెరిచి ఉంది. తెరలు మాత్రం లోపల గట్టిగా వేసి ఉన్నాయి. కిటికీ గడప మీద పాత మంచు గడ్డకట్టి ఉంది. ఆ పూటే తెరిచిన కిటికీ మీద అంత మంచు ఉండదు.

గుమ్మం మెట్లెక్కాను. ముందు వసారాలో చక్రాల కుర్చీ మడతపెట్టి గోడకి ఆనించి ఉంది, దానికి అడ్డంగా కట్టెలు పేర్చి ఉన్నాయి. కుర్చీ పక్కన బల్ల మీద నేరేడు జావ డబ్బాలు. మూత తియ్యనివి. ఒకదాని పక్కన ఒకటి, బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా.

నేను తలుపు కొట్టక్కర్లేకపోయింది. ఎన్సియో తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు. నా చూపు డబ్బాల మీద ఉండటం చూశాడు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

ఈ ఊళ్లో ఇంటికొచ్చిన మనిషికి కాఫీ పోయకుండా మాట మొదలుపెట్టరు, ఎలాంటి మాటైనా సరే. అతను నీళ్లు పెట్టాడు. కప్పులు తీశాడు. మూడు కప్పులు బల్ల మీద పెట్టి, మూడోదాన్ని కాసేపు చూసి, మళ్లీ అలమారలో పెట్టేశాడు. నేను హిల్కాని చూడాలన్నాను.

"కొహ్తా," అన్నాడు.

ఇంకాసేపట్లో అని. ఆ మాట అతని నోట్లోంచి వచ్చాక అతని చెయ్యి ఆగిపోయింది. కాఫీ కూజా గాల్లోనే ఉంది.

నేను లేచి నడవాలోకి వెళ్లాను. ఆమె గది తలుపు కింది సందులోంచి చలి పాకుతూ వచ్చి నా చీలమండలని తాకింది. పిడి మీద చెయ్యి వేశాను. ఇనుము చేతికి అంటుకుంది. రేడియోలో చేపల మనిషి అయిపోయి ఎవరో పాట మొదలుపెట్టారు. ఆ తలుపు నేను తెరవలేదు. తెరవక్కర్లేదు. ఇంట్లో పొయ్యి మండుతుండగా గదిని అంత చలిలో ఉంచేది దేనికో నాకు అర్థమైంది. చూరుల మీంచి కారుతున్న చుక్కల చప్పుడు విన్నాను. ఈ ఎండకి ఆ చలి ఇంకెన్నాళ్లో ఉండదు. అది అతనికీ తెలుసు.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి అతను కుర్చీలో కూర్చున్నాడు, వీపు నావైపు. నాకు తెలిసింది ఒక్కటే పని. వెనక నిలబడి కుడి భుజం మీద చెయ్యి పెట్టాను. మెత్తగా ఉంది. నా పనంతటిలోకీ అంత బాగా కుదిరిన భుజం ఇంకొకటి లేదు.

ఎప్పుడని అడిగాను.

"తుఫాను రోజు," అన్నాడు. తర్వాత తల తిప్పకుండా, ఎదుటి గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

"నీ దగ్గర్నుంచి మంచులో పడి ఇంటికొచ్చాను. రేడియో గరగరమంటోంది. తుఫానుకి స్టేషను పోయినట్టుంది. దాన్ని సరిచేద్దామని చెయ్యి చాపి మంచం మీంచి జారింది. గోడకీ మంచానికీ మధ్య నేల మీద ఉంది. దెబ్బేం తగల్లేదు. నన్ను చూసి నవ్వింది కూడా. చూడు ఎంత పని చేశానో అంది. ఎన్సియో, ఎత్తు అంది.

"నేల మీంచి ఎత్తడమే అన్నిటికన్నా కష్టం. అంతకుముందు ఎత్తిన ప్రతిసారీ వారం రోజులు చెయ్యి పైకి లేచేది కాదు. నీకు తెలుసుగా, నువ్వే చూశావుగా. ఆ రోజు నాకు నొప్పి లేదు, ఇర్మెలీ. నువ్వు మొత్తం తీసేశావు. తొమ్మిదేళ్లలో మొదటిసారి నా ఒళ్లు నాదిలా ఉంది. దారంతా కారులో తల అటూ ఇటూ తిప్పుకుంటూనే వచ్చాను. ఇప్పుడు ఎత్తితే అది వచ్చేస్తుంది. ఎత్తకుండా ఉండలేను. కానీ కాసేపు, ఒక్క కాఫీ తాగేంతసేపు, అలా ఉండనీ అనుకున్నాను. అంతే అనుకున్నాను. కొహ్తా అన్నాను. అని ఇక్కడికొచ్చి ఈ కుర్చీలోనే కూర్చున్నాను.

"పిలిచింది. కోపంగా కాదు. నేల చల్లగా ఉంది అంది. కొహ్తా అన్నాను. మళ్లీ పిలిచింది. మళ్లీ అన్నాను. ఈ కిటికీలోంచి అవతలి ఒడ్డు చూస్తున్నాను. ఒళ్లు తిప్పకుండా కనిపిస్తోంది. చివరికి తనే అంది, కొహ్తా అని. నన్ను వెక్కిరించిందో, సరేలే కూర్చో అందో, నాకు తెలీదు. తెలిస్తే బాగుండు.

"నిద్రపోయాను. నొప్పి లేని నిద్ర ఎలా ఉంటుందో మర్చిపోయాను. నీళ్లలో రాయి మునిగినట్టు పోయాను. లేచేసరికి తెల్లారింది. పొయ్యి చల్లారిపోయింది. నేను ఎత్తాను. అప్పుడు ఎత్తాను. పట్టీ కూడా కట్టుకోలేదు. తన చెయ్యి నా మెడ చుట్టూ రాలేదు, అయినా ఎత్తాను. మంచం మీద పెట్టి, దుప్పటి కప్పి, రేడియో స్టేషను సరిచేశాను. కిటికీ తెరిచాను.

"ఎవరికి చెప్పను? ఏమని చెప్పను? ఫోన్ తీసి, నా భుజం బాగుంది అని చెప్పనా? జావ కొనకపోతే తెల్లెర్వో అడుగుతుంది. నీ దగ్గరికి రాకపోతే నువ్వు అడుగుతావు. అందుకని కొన్నాను, వచ్చాను. ఇవాళ నువ్వు ఆ చోట వేలు పెట్టి కొహ్తా అన్నావు చూడు, అది తన గొంతే. చోటు అని నువ్వు చెప్పేదాకా నాకు తన గొంతే.

"నొప్పి వస్తుందనుకున్నాను. అంత బరువు ఎత్తాను కదా, రావాలి. రోజూ పొద్దున లేచి చెయ్యి పైకెత్తి చూస్తాను, వచ్చిందా అని. గట్టిగా నొక్కు ఇర్మెలీ. ఇంకా గట్టిగా. అక్కడే. రావడం లేదు."